అక్క కాళ్ళకు గుర్తున్న పాట

పాశ్చాత్య నృత్య సంగీతం గురించి రాయడానికి నీకున్న అర్హత ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. నాకు డాన్సు రాదు. పెళ్ళి ఊరేగింపుల్లో బావమరుదులు చెయ్యి పట్టుకుని లాగినప్పుడల్లా చెప్పు తెగిందని సాకు చెప్పి తప్పుకున్న రకం నేను. అయినా గత ఎనిమిది నెలలుగా మా ఇంట్లో పొద్దున ఏడు గంటలకల్లా ఇంగ్లీషు డాన్సు పాటలు మోగుతున్నాయి. ఎదురు ఫ్లాటువాళ్ళు మర్యాదస్థులు కనుక అడగలేదు గాని, అరవై ఏడేళ్ళ మనిషికి ఇదేం పోయేకాలమని అనుకుంటూనే ఉంటారు. ఈ వ్యాసం కొంత వాళ్ళ కోసం కూడా.

మేముండేది సర్జాపురలో. సర్జాపుర రోడ్డు కాదండీ, సర్జాపుర. ఆ రోడ్డు మీద ఎక్కడ ఇల్లు కొన్నా సర్జాపుర అనేస్తారు గాని, అసలు ఊరు దొమ్మసంద్ర కూడా దాటాక, ఆనేకల్ తాలూకాలో ఉంది. ఇక్కడ పాలుపోసే ఆవిడ, కూరగాయల బండాయన మాతో మాట్లాడేది తెలుగే. మనలాగా ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళ తెలుగు కాదు, తరతరాలుగా ఈ మట్టిలో ఉన్నవాళ్ళ తెలుగు. మా అక్క ఇక్కడికొచ్చిన మొదటిరోజే పాలావిడతో పది నిమిషాలు మాట్లాడి, "బెంగుళూరంటే భయపడితిని గదరా, ఈడ అంతా మనోళ్ళే ఉండారు" అంది.

అక్కకు డెబ్భై అయిదేళ్ళు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. బావ 2019లో పోయారు. కూతురు అమెరికాలో ఉంది. ఆదోనిలో ఒక్కతే ఉండేది. మూడేళ్ళ కిందట చెయ్యి వణుకుతోందని చూపిస్తే పార్కిన్సన్స్ అన్నారు. మన పెద్దలు కంపవాతం అనేవారే, అది. వణుకు అందరికీ కనబడుతుంది గాని అక్కను నిజంగా ఏడిపించింది వణుకు కాదు, నడక. బాగానే నడుస్తూ నడుస్తూ గడప దగ్గరకొచ్చేసరికి రెండు కాళ్ళూ నేలకు అతుక్కుపోతాయి. మనసు పదమంటుంది, కాలు కదలదు. అవతలివాళ్ళు తొందరపెడితే ఇంకా బిగుసుకుపోతాయి. అపార్టుమెంటంటే అడుగడుగునా గడపలే కదా. అన్నిటికన్నా లిఫ్టు అధ్వాన్నం. తలుపు తెరుచుకుని, నాలుగు క్షణాలు చూసి, అక్క ముఖం మీదే మూసుకునేది. ఆ అవమానం భరించలేక ఆవిడ కిందికి దిగడమే మానేసింది. ఆరు వారాలపాటు అక్క లోకమంతా మా హాలూ, బాల్కనీనే.

ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. ఈ జబ్బులో మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. దాంతో అడుగు తర్వాత అడుగు వేయమని లోపలినుంచి అందే తాళం తప్పుతుంది. అది బయటినుంచి అందితే కాలు దాన్ని పట్టుకుని నడుస్తుందట. ఇదేదో నాటువైద్యమేమో అనుకున్నాను గాని, చదివితే నిజమే. 1996లోనే అమెరికాలోని కొలరాడోలో మైకేల్ థౌట్ బృందం రోగులచేత మూడు వారాలు తాళానికి నడిపించి, నడక వేగమూ, అడుగు పొడవూ రెండూ పెరిగాయని చూపించింది. 2001 నుంచి న్యూయార్కు బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్యబృందం వాళ్ళు ఈ రోగులకు ఏకంగా డాన్సు తరగతులే నడుపుతున్నారు. మందులు మాత్రం వేసుకోవలసిందే. పాట మందుకు తోడేగాని బదులు కాదు. ఈ మాట ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది కనుక నేనూ చెబుతున్నాను.

సరే, నిమిషానికి తొంభై దెబ్బలతో మొదలుపెట్టమంది. ఫోనులో టిక్కు టిక్కుమనే తాళం పెట్టాం. అక్క రెండు రోజులు ఓర్చుకుని, "గోడగడియారం నా నెత్తిన కూర్చోని కొట్టినట్టుంది, తీసెయ్" అంది. అన్నమయ్య కీర్తనలు పెట్టాను. ఆవిడ వాటిని కళ్ళు మూసుకుని విన్నదే గాని నడవలేదు. రాగం ఆవిడని కూర్చోబెట్టేసేది. భజనలు పెడితే చేతులు తట్టింది, కాళ్ళు కదల్లేదు.

ఇక లాభంలేదనుకుంటూండగా ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మా గోడ పక్కనుంచి పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. ఊళ్ళోవాళ్ళదే. అక్క బాల్కనీ గుమ్మంలో అతుక్కుపోయి నుంచుంది, నేను పక్కన చెయ్యి పట్టుకుని ఉన్నాను. బ్యాండువాళ్ళు ఒక పాట అందుకున్నారు. అక్క చెయ్యి నా చేతిలో ఒకసారి బిగిసింది. తర్వాత కుడికాలు లేచింది. గడప దాటింది. ఎడమకాలు దాటింది. బాల్కనీ కమ్మీ దాకా అయిదడుగులు, ఎవరి సాయమూ లేకుండా నడిచి వెళ్ళి, కిందికి చూస్తూ నుంచుంది.

అది 'కమ్ సెప్టెంబర్'.

మీలో చాలామందికి పేరు తెలియకపోయినా పాట తెలుసు. 1961లో అదే పేరుతో వచ్చిన హాలీవుడ్ సినిమాకు బాబీ డారిన్ కట్టిన బాణీ. బిల్లీ వాన్ వాద్యబృందం వాయించిన రికార్డు లోకమంతా తిరిగింది. మాటల్లేవు, ఉత్త వాద్యాలే. మాటలు లేకపోవడం మనకు బాగా కలిసొచ్చిందేమో, ఆ సినిమా మొహం చూడని ఊళ్ళకు కూడా ఈ పాట వెళ్ళింది. పెళ్ళి బ్యాండువాళ్ళు, సర్కసువాళ్ళు, మ్యాజిక్కువాళ్ళు, తిరునాళ్ళలో రికార్డింగు డాన్సువాళ్ళు అందరూ వాడుకున్నారు. 1995లో 'రాజా' అనే హిందీ సినిమాలో దానికి మాటలు కూడా తగిలించారు. సర్జాపుర బ్యాండువాళ్ళు దాన్ని హిందీ పాటనుకునే వాయించి ఉంటారు. అక్కకు మాత్రం అది గుంతకల్లు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా నాయన గుంతకల్లులో రైల్వే గుమాస్తా. అప్పటికింకా ఆ డివిజను సదరన్ రైల్వేలోనే ఉండేది. మా క్వార్టర్సుకు ఎదురుగా ఒక మెయిలు డ్రైవరుగారి ఇల్లు. ఆంగ్లో ఇండియన్లు. ఆయన బొగ్గుమసి మొహంతో ఇంటికొచ్చి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని రికార్డు ప్లేయరు ముందు కూర్చునేవాడు. ఆ ఇంట్లోనే మేం మొదటిసారి 'రాక్ అరౌండ్ ద క్లాక్' విన్నది. బిల్ హేలీ పాడినది, 1954 నాటిది. అప్పటికి పదేళ్ళు దాటి ఉంటుంది. అమెరికాలో పాతబడిన రికార్డు గుంతకల్లు చేరడానికి ఆమాత్రం పట్టేది మరి. చబ్బీ చెకర్ 'ద ట్విస్ట్' కూడా ఉండేది. ఆ ఇంటావిడ మా అక్కకీ, వాళ్ళ అమ్మాయికీ ట్విస్టు నేర్పింది. పాదంతో సిగరెట్టు ముక్క ఆర్పుతున్నట్టు, తువ్వాలుతో వీపు తుడుచుకుంటున్నట్టు, అంతే, అదే ట్విస్టు అనేది. లోకమంతా ట్విస్టును ఈ రెండు మాటలతోనే నేర్పారని చాలా ఏళ్ళ తర్వాత చదివి నవ్వుకున్నాను.

1966 క్రిస్మసు రాత్రి వాళ్ళింట్లో అక్క 'కమ్ సెప్టెంబర్'కి డాన్సు చేసింది. లంగా వోణీతోనే. వోణీ నడుముకు చుట్టి దోపుకుని చేసింది. పదహారేళ్ళు. నేను కిటికీ కమ్మీలు పట్టుకుని వేలాడుతూ చూశాను. ఎంత బాగుందో చెప్పలేను. అంత బాగుండబట్టే మర్నాడు అన్నం తింటూ నాయనకు చెప్పేశాను. చాడీ చెబుతున్నాననుకోలేదు, గొప్ప చెబుతున్నాననుకున్నాను. ఎనిమిదేళ్ళవాణ్ణి. నాయన కంచంలోంచి తలెత్తలేదు. అమ్మ మాత్రం నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

నాయన కొట్టలేదు, తిట్టలేదు. అక్కని అనంతపురంలో హాస్టల్లో పెట్టి పి.యు.సి. చదివించాలని అంతకుముందు అనుకునేవారు. ఆ మాట మళ్ళీ మా ఇంట్లో వినబడలేదు. 1967 వైశాఖంలో పెళ్ళయిపోయింది. బావ ఆదోనిలో ఒక పత్తిమిల్లులో లెక్కలు రాసేవారు, మంచివారు. ఆ పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు ఇదే పాట వాయించారు. అక్క తలవంచుకుని కారులో కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ళుగా ఈ పాట ఎక్కడ విన్నా నాకు ఆ వంచిన తలే కనబడేది.

అందుకే బాల్కనీలో జరిగింది చూసి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. మర్నాడు మనవరాలిని పిలిచి, ఫోనులో ఈ పాట వెతికి పెట్టమన్నాను. పదిహేనేళ్ళది. "తాతా, ఇది జేజికి స్పీడ్ ఎక్కువ" అని, యూట్యూబులో పాట వేగం తగ్గించే మీట ఒకటి చూపించింది. ముప్పావు వేగంతో పెడితే ట్రంపెట్లు కాస్త నిద్రమొహంతో పలికినా, అక్క అడుగుకు అతికినట్టు సరిపోయింది. అక్కడినుంచి మా ఇల్లొక ప్రయోగశాల అయింది. ఒక్క పాటతో ఎన్నాళ్ళు నడుస్తుంది మనిషి? దశాబ్దానికో పాట వెతకడం మొదలుపెట్టాం.

డెబ్భైల పాటల బాధ్యత నాది. 1978లో నేను బెంగుళూరు ఐ.టి.ఐ.లో చేరి దూరవాణినగర్ దగ్గర నలుగురు కుర్రాళ్ళతో ఒక గదిలో ఉండేవాణ్ణి. గదిలో మంచాలు రెండే గాని బోనీ ఎమ్ క్యాసెట్లు మూడుండేవి. 'డాడీ కూల్' 1976 నాటిది, 'రాస్పుటిన్' 1978 నాటిది. అరిగిపోయేదాకా విన్నాం. ఆ బృందంలో గంతులేసే బాబీ ఫారెల్ రికార్డుల్లో పాడనేలేదనీ, ఆ గొంతు జర్మనీలోని నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌దనీ తర్వాత తెలిసింది. పాశ్చాత్యులు దీన్ని పెద్ద మోసంగా చెప్పుకుంటారు. అక్కకు చెబితే, "దాందేముందిరా, నాగేశ్వర్రావు మాత్రం పాడినాడా?" అంది. ఘంటసాల గొంతుతో పెరిగినవాళ్ళని అంత తేలిగ్గా ఆశ్చర్యపరచలేం.

ఆ గదిలోనే ఇంకో సంగతి తెలిసి మేమంతా కాలరెగరేశాం. 1974లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికెక్కిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' పాట తయారుచేసిన బిడ్డు మన బెంగుళూరువాడే. కొడగు కుటుంబం. ఇక్కడ ట్రోజన్స్ అనే బ్యాండులో పాడి, బొంబాయి వెళ్ళి, అట్నుంచి లండన్ చేరాడు. ఆ పాట కూడా రికార్డుకు రెండోవైపు నింపడానికని హడావిడిగా చేసిందట. 1980లో 'కుర్బానీ'లో పదిహేనేళ్ళ నాజియా హసన్‌చేత ఆయన పాడించిన 'ఆప్ జైసా కోయీ' వినని పెళ్ళిపందిరి ఆ రోజుల్లో లేదు. బెంగుళూరులో బతుకుతున్న మనం బిడ్డు పేరు పిల్లలకు చెప్పకపోవడం నాకెందుకో బాధగా ఉంటుంది.

డిస్కోలో కిటుకేమిటంటే, పెద్దడ్రమ్ము నాలుగు మాత్రలకూ సమానంగా దెబ్బ వేస్తుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. పాదానికి ఎక్కడా అనుమానం ఉండదు. అందులోనూ బీజీస్ వాళ్ళ 'స్టేయిన్ ఎలైవ్' సంగతి విచిత్రం. 1977లో ఫ్రాన్సులో ఆ పాట రికార్డు చేసే సమయానికి వాళ్ళ డ్రమ్మరు ఇంటి కష్టంవల్ల వెళ్ళిపోవలసి వచ్చింది. ఏంచెయ్యాలో తోచక, అంతకుముందు 'నైట్ ఫీవర్' పాటకు ఆయన వాయించిన టేపులోంచి చిన్న ముక్క కత్తిరించి, రెండు కొసలూ అతికించి, గుండ్రంగా తిప్పుతూ పాటంతా అదే వాడుకున్నారు. అందుకే ఆ తాళం వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాదు. నిమిషానికి 104 దెబ్బలు. గుండె ఆగినవాళ్ళ ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి కనుక, ఈ పాట మనసులో అనుకుంటూ నొక్కమని శిక్షణ ఇస్తారు. మా అపార్టుమెంటులో ఒక ఆదివారం ఆ శిక్షణ పెడితే నేనూ వెళ్ళి బొమ్మ ఛాతీ నొక్కి వచ్చాను. తొంభై శాతం వేగంతో పెడితే ఈ పాటకు అక్క హాలు ఆ చివరినుంచి ఈ చివరికి ఆరుసార్లు తిరిగింది. అన్నట్టు ఆవిడకి ఆ పాటంటే ఇష్టం లేదు. "ఆ మొగోళ్ళు ఎందుకట్ల కీచుమంటారు?" అంటూనే నడిచింది.

ఎనభైలు మా ఆవిడ ఎంచింది. చిరంజీవి అభిమాని లెండి. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియో 1983 చివర్లో వస్తే, 1985లో 'దొంగ' సినిమాలో ఆ సమాధులూ దయ్యాలూ మన చక్రవర్తిగారి సంగీతంతో తెలుగులో లేచాయి. మా ఆవిడ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించి, చిరంజీవే బాగా చేశాడని తేల్చింది. 'బిల్లీ జీన్' మాత్రం అక్క నడకకు కుదరలేదు. నిమిషానికి 117. ఆ మూన్‌వాక్ చూసి, "నేను ఎనక్కి పడకుండా ఉండేదానికే గదా ఇన్ని మాత్రలు మింగేది, ఈయప్ప కావాలని ఎనక్కి పోతాడే" అంది. అందరం నవ్వాం. మా ఆవిడ నవ్వుతూనే లేచి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

తొంభైల్లో 'మకరెనా' బాగా పనికొచ్చింది. 103 దెబ్బలు. 1996లో అమెరికాలో పద్నాలుగు వారాలు మొదటి స్థానంలో కూర్చున్న పాట. స్పెయినుకు చెందిన ఇద్దరు నడివయసు పెద్దమనుషులది. చేతులు ముందుకు, తలమీదికి, నడుముకు పెట్టే ఆ వరస అక్క కుర్చీలో కూర్చునే నేర్చుకుంది. ఆ తర్వాత వచ్చినవాటిలో మాకు దొరికింది తక్కువ. 2012లో వచ్చిన 'గంగ్నమ్ స్టైల్' 132, అది గుర్రాలకేగాని మాకు కాదు.

మనవరాలు 'నాటు నాటు' పెడదామంది. 2023లో ఆస్కారు తెచ్చుకున్న పాటకు అక్క నడవకపోవడమేమిటని దాని పట్టుదల. పాశ్చాత్యుల డాన్సులన్నీ చూపించి మాది చూడండి అనే పాట అది. కాని కీరవాణిగారు కట్టింది మన జానపదపు తిశ్రగతి దరువు. మూడేసి మాత్రల ఊపుకు రెండు కాళ్ళ నడక కుదరక అక్క తడబడింది. కుర్చీలో కూర్చోబెడితే మాత్రం ఒళ్ళంతా ఊగింది. వణికే కుడిచెయ్యి సోఫా మీద దరువు వేస్తుంటే ఎక్కడ వణుకు ఆగి ఎక్కడ దరువు మొదలైందో నాకు తెలియలేదు.

జూన్‌లో ఒకరోజు, మందు వేళకు ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను. గుంతకల్లులో ఆ రోజు నాయనకు చెప్పింది నేనేనన్నాను. అక్క మాత్ర మింగి, నీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టింది.

"తెలుసులేరా. అమ్మ ఆ రాత్రే చెప్పింది."

"మరి నన్నెప్పుడూ ఏమీ అనలేదే?"

"నీకేం తెలుసని? నువ్వు చెప్పకుంటే ఇంకొకరు చెప్పిందురు. నాకు కోపం నీ మీద కాదు. నాయన నన్ను ఒక్క మాట అడిగింటే చెప్పేదాన్ని గదా, డాన్సు చేస్తి నాయనా అని. అడగల్య."

కాసేపు ఊరుకుని, మళ్ళీ తనే అంది. ఆదోనిలో మిద్దె మీద బట్టలారేసేటప్పుడు ఎక్కడైనా పెళ్ళిబ్యాండు వినబడితే రెండడుగులు వేసేదట. ఒకసారి బావ మెట్లెక్కి వచ్చి చూశారట.

"ఏమన్నారు?"

"ఏమీ అనల్య. తలుపు దగ్గరికేసి కిందికి పోయినారు."

అది కోపమో, ఎవరూ చూడకూడదని కాపలానో నేనడగలేదు. అక్క ముఖం చూస్తే తనకూ తెలిసినట్టు లేదు. చదువు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఇప్పుడు పొద్దున ఏడింటికి వసారాలో లిఫ్టుదాకా నడక. నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. ఫోను నా చొక్కా జేబులో పాడుతోంది, అక్క కర్ర నా చేతికిచ్చి వసారా అంతా నడిచి వచ్చింది. సరిగ్గా లిఫ్టు తలుపు తెరుచుకునే వేళకు ఫోనులో చార్జి అయిపోయి పాట ఆగింది. అక్క కాళ్ళూ ఆగాయి. నేను కంగారుపడి ఫోను అటూ ఇటూ నొక్కుతున్నాను. అక్క నా వైపు చూడలేదు. నోరు మూసుకునే, ముక్కుతో, ఆ ట్రంపెట్ల వరస అందుకుంది. శ్రుతి లేదు గాని తాళం ఉంది. కుడికాలు లోపల పెట్టింది, ఎడమకాలు పెట్టింది, లోపలి కమ్మీ పట్టుకుని ఇటు తిరిగింది. నేను తేరుకుని ఎక్కేలోగా తలుపు మూసుకుంది.

రెండంతస్తులే. అయినా కర్ర చేతపట్టుకుని మెట్లమీద నేను పరుగెత్తిన పరుగు మా వాచ్‌మన్ ఇప్పటికీ అందరికీ చెబుతున్నాడు. కింద అక్క లిఫ్టు బయటికి కూడా వచ్చేసి, గోడకానుకుని నుంచుని, పాలావిడతో మాట్లాడుతోంది.